మామిడికాయల కత్తికి రైల్వే తనిఖీ

ఆదివారం పొద్దున్న తవిటయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. గోల్‌బజార్ వెళ్ళాలి, మామిడికాయలు కొట్టే కత్తి ఒకటి కొనాలి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి ముక్కలు కొట్టాలి. ఇంత చిన్న పథకాన్ని పాడుచేయడం మామూలు మనిషి వల్ల కాదు. దానికి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు టూల్‌రూమ్‌లో ఉద్యోగమంతా పనిముట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి కావాలి. తవిటయ్య సరిగ్గా ఆ మనిషే.

ఝపటాపూర్ పేటలో వాళ్ళింట్లో మంచం కింద గోనెసంచి పరిచి, దాని మీద నిమ్‌పురాలో తెలిసినవాళ్ళ చెట్టు నుంచి దింపించిన పచ్చి మామిడికాయలు పోసి ఉన్నాయి. ఆయన భార్య జోగమ్మ లేచినప్పటి నుంచీ వాటి పక్కనే కూర్చుని ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి చూస్తోంది.

"ఇయ్యేల కొట్టేయాల. తప్పితే రేపు సాయంత్రం. అది దాటితే పండిపోతాయి. పళ్ళతోటి ఆవకాయ పెట్టినోళ్ళని నానెక్కడా సూళ్ళేదు" అంది.

ఆమె ఆత్రానికి కారణం ఉంది. కిందటేడు తవిటయ్య ఫుట్‌పాత్ మీద కనబడిన కత్తిని నిలబడ్డ పళంగా కొనుక్కొచ్చాడు. అది టెంకను తెగ్గొట్టలేదు, చితక్కొట్టింది. నలిగిన ముక్కలతో పెట్టిన ఆవకాయ నెల తిరక్కుండా బూజు పట్టింది. అందులో ఒక జాడీ ఊళ్ళోనే మలంచాలో ఉన్న కూతురు సత్యవాణి అత్తవారింటికి కూడా వెళ్ళింది. వియ్యపురాలు మీనాకుమారి జాడీ తిప్పి పంపలేదు. అంతకంటే ఘనకార్యం చేసింది. ఎవరిదో పెళ్ళిలో, పంక్తిలో నలుగురూ వింటుండగా, "వచ్చే ఏడు మాకు పంపకండి వదినగారూ, మేం బజార్లో సీసా కొనుక్కుంతాం" అంది.

జోగమ్మ ఆ పెళ్ళిభోజనం సగంలోనే చెయ్యి కడిగేసుకుంది. ఏడాది గడిచినా ఆ మాట తల్చుకుంటే ఆమెకు ముద్ద దిగదు. ఈ ఏడు జాడీ మలంచా చేరాలి, మీనాకుమారి తినాలి, తిని ఇంకో జాడీ తన నోటితో అడగాలి. ఇది జోగమ్మ పంతం. తవిటయ్య పంతం ఇంకోటి. జీవితమంతా కటింగ్ టూల్స్‌కి పాసు, ఫెయిలు ముద్రలు వేసిన మనిషి ఒక వంటింటి కత్తి దగ్గర మోసపోయాడని ఝపటాపూర్ అంతా నవ్వింది. ఆ నవ్వులు ఆయన చెవుల్లో ఇంకా వినబడుతూనే ఉన్నాయి.

"ఈపాలి గుడ్డిగా కొన్ను. ముందు సాపుని తనికీ సేస్తాను. ఆ తరవాతే కత్తి" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"సాపుని తనికీ సెయ్యడమేటండి? కత్తి తెగుతాదో నేదో సూసుకుంటే సాలదేటి?"

"కత్తి ఇయ్యేల తెగుతాది. రేపు తెగకపోతే సాపోడు ఏటంటాడు? మనం ఎల్లి అడిగితే మొకం సూస్తాడా, మొకం తిప్పుకుంటాడా? అదీ ముక్యం."

జోగమ్మకు ఈ తర్కం అర్థం కాలేదు. బేగి వస్తాడు కదా అని గొడుగు మాత్రం చేతికిచ్చింది.

గోల్‌బజార్లో మైతీ బాబు కత్తుల దుకాణం పాతది. చేపలు కోసే బొటిలు, కొబ్బరికోరాలు, కత్తెరలు గుమ్మం నిండా వేలాడుతుంటాయి. వేసవి రాగానే తెలుగువాళ్ళ కోసమని చెక్కకు బిగించిన మామిడికాయల కత్తులు తెప్పిస్తాడు. కొనేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళు కావడంతో ఆయనకు తెలుగు బాగానే పట్టుబడింది. రానిచోట బెంగాలీతో పూడ్చుకుంటాడు.

తవిటయ్య ఒక కత్తి ఎంచుకున్నాడు. పిడి ఎత్తి దించాడు. ఒక కన్ను మూసి అంచు ఎంత తిన్నగా ఉందో చూశాడు. తర్వాత జేబులోంచి ఒక మామిడికాయ తీసి చెక్క మీద పెట్టాడు.

"ఆరే దాదా, ఏం చేస్తున్నారు?" అన్నాడు మైతీ బాబు కంగారుగా.

"ట్రయలు."

"ట్రయల్ లేదు దాదా. పొద్దున్నుంచి ఇంకా బౌనీ కాలేదు. మొదటి బేరం కాకుండా కాయ కొడితే కత్తి పాతదైపోతుంది. అప్పుడు దాన్ని ఎవరు కొంటారు?"

"తెగితే నానే కొంతాను."

"తెగకపోతే?"

"తెగకపోతే నానెందుకు కొంతాను?"

"నేనూ అదే అంటున్నా దాదా" అని మైతీ బాబు కాయ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

వేరేవాళ్ళయితే ఇక్కడ రెండే పనులు చేస్తారు. కొనుక్కుంటారు, లేదా పక్క దుకాణానికి పోతారు. టూల్‌రూమ్‌లో మూడో పద్ధతి ఉండేది. ట్రయల్ లేకుండా ఏ పనిముట్టూ పాసు కాదు. సరుకు ఇచ్చేవాడు ట్రయల్‌కు ఒప్పుకోకపోతే, సరుకును పక్కనపెట్టి ముందు వాడి మంచిచెడ్డలు విచారించాలి. తవిటయ్య కాయను జేబులో వేసుకుని, దుకాణానికి ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

మైతీ దుకాణంలోంచి బయటికొచ్చిన ప్రతివాణ్ణీ ఆపడం మొదలుపెట్టాడు. ఇంతకుముందు ఇక్కడ కొన్నారా? అంచు ఎన్నాళ్ళు నిలిచింది? పిడి ఊడితే మార్చి ఇచ్చాడా? మార్చేటప్పుడు విసుక్కున్నాడా? తెలుగులో మొదలుపెట్టి, అవసరమైతే హిందీకి, అదీ కాకపోతే బెంగాలీకి మారేవాడు. బొటి కొనుక్కున్న ఒక పెద్దావిడ, మా అత్తగారి కాలం నుంచీ ఇక్కడే కొంటున్నాం, మంచి మనిషి అంది. అంత మెచ్చుకుందంటే మైతీకి చుట్టం అయ్యుంటుందని తవిటయ్య ఆ సాక్ష్యం కొట్టేశాడు. ఇంకొకాయన, ఈ మైతీ వట్టి మోసగాడు అన్నాడు. అంత గట్టిగా తిట్టాడంటే పోటీ దుకాణంవాడు అయ్యుంటాడని అదీ కొట్టేశాడు. మూడో మనిషి, ఏమో, కత్తి కత్తిలాగే ఉంది అన్నాడు. ఇలాంటివాడికి దేని మీదా శ్రద్ధ ఉండదని అదీ లెక్కలోకి తీసుకోలేదు.

ఇదంతా మైతీ బాబు గల్లాపెట్టె దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాడు. ఏదో డిపార్ట్‌మెంటువాళ్ళు మామూలు బట్టల్లో తిరుగుతూ ఇనుప సామాను దుకాణాలను పరీక్ష చేస్తున్నారని బజార్లో వారం రోజులుగా పుకారు. చేతిలో గొడుగు, ముక్కు మీద కళ్ళజోడు, వచ్చేపోయేవాళ్ళకు ప్రశ్నలు. ఆయన ఆ ఆఫీసరేనని మైతీ నిశ్చయించుకున్నాడు. ట్రయల్ వద్దని కాయ చేతిలో పెట్టి పంపింది ఈయన్నేనా అని నెత్తి కొట్టుకుని, వెంటనే ఆయనకు టీ పంపాడు. కాసేపటికి విస్తరాకు దొన్నెలో సందేశ్‌లు పంపాడు. ఎండ బెంచీ మీదికి రాగానే ఒక టేబుల్ ఫ్యాను తెచ్చి, వైరు తన దుకాణంలోంచి లాగి, తవిటయ్య వైపు తిప్పించాడు.

తవిటయ్య టీ తాగాడు, సందేశ్‌లు తిన్నాడు, ఫ్యాను గాలికి చొక్కా బొత్తం విప్పుకున్నాడు. కానీ ఆయన మనసు కరగలేదు సరికదా, రాయైపోయింది. వర్క్‌షాపులో ఏ కంపెనీ ఏజెంటు స్వీటు డబ్బాతో వస్తే, ఆ కంపెనీ సరుకు పుచ్చిపోయినట్టే. అది ఆయన ఉద్యోగంలో ఒక్కసారి కూడా తప్పని అనుభవం. ఇక్కడ స్వీటుతోపాటు ఫ్యాను కూడా వచ్చింది. ఆయన సాయంత్రం వట్టి చేతులతో ఇంటికి వెళ్ళాడు.

"కత్తేదండి?" అంది జోగమ్మ.

"అనుమానంగా ఉంది. మరీ మంచోడిలాగున్నాడు."

జోగమ్మ మంచం కిందికి వంగి ఒక కాయ నొక్కింది. పొద్దున్న రాయిలా ఉన్న కాయ ఇప్పుడు వేలికి కొంచెం మాట వింటోంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సాయంత్రమే తవిటయ్య పక్కింటి దావీదును పిలిచాడు. దావీదు గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. చర్చిలో పెద్ద. పచ్చజెండా ఊపాల్సిన చోట ఎర్రజెండా ఊపని మనిషని డివిజనంతా పేరు.

"సాపు మంచిదా సెడ్డదా తెలియాలంటే, కొన్నప్పుడు తెల్దు దావీదూ. తిరిగిచ్చినప్పుడు తెలస్తాది. నా దగ్గర కిందటేడు కొన్న దరిద్రపు కత్తుంది. దాన్ని పట్టుకెల్లి మైతీ బల్ల మీద పెట్టి, నీ దగ్గరే కొన్నాను, బాగోలేదను. ఏటి సేస్తాడో సూద్దాం."

"అబద్ధమా? నా వల్ల కాదు" అన్నాడు దావీదు.

"పరీక్ష కోసం."

"పరీక్ష కోసమైనా అబద్ధం అబద్ధమే తవిటయ్యా. వచ్చే ఆదివారం నేను చర్చిలో వాక్యం చదవాలి, ఏ మొహంతో చదువుతాను?"

చాలాసేపు బేరమాడాక ఒప్పందం కుదిరింది. దావీదు కత్తిని బల్ల మీద పెడతాడు. "ఇది బాగోలేదు" అని మాత్రం అంటాడు. అది నిజమే కాబట్టి పాపం లేదు. ఎక్కడ కొన్నాడో ఆయన చెప్పడు. మైతీ అడిగితే ఏం చేయాలన్నది ఇద్దరూ ఆలోచించలేదు.

ఆ అవసరం రాలేదు కూడా. సోమవారం పొద్దున దావీదు దుకాణంలోకి వెళ్ళి, తువ్వాలు విప్పి, చితికిన అంచు కత్తిని బల్ల మీద పెట్టి, "ఇది బాగోలేదు" అన్నాడు. మైతీ బాబు ఆ కత్తిని చూశాడు. అలాంటి నాసిరకం సరుకు తన దుకాణం గడప తొక్కలేదని ఆయనకు తెలుసు. తలెత్తి రోడ్డవతలికి చూశాడు. టీ కొట్టు బెంచీ మీద నిన్నటి కళ్ళజోడు పేపరు అడ్డం పెట్టుకుని, పేపరు పైనుంచి ఇటే చూస్తోంది. ఇదీ ఆ డిపార్ట్‌మెంటు పరీక్షేనని మైతీ తేల్చుకున్నాడు. మారుమాట లేకుండా అలమారలోంచి అన్నిటికంటే మంచి కత్తి దించి దావీదు చేతిలో పెట్టాడు. "క్షమించండి దాదా, తప్పు మాదే" అన్నాడు. పైన ఒక కత్తెర కూడా ఇచ్చాడు.

దావీదు "దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అని వచ్చేశాడు.

ఇంటికొచ్చాక తవిటయ్య కొత్త కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ముఖం అంతకంతకూ నల్లబడింది.

"సూసినావా దావీదూ? తను అమ్మని కత్తిని తనదేనని ఒప్పేసుకున్నాడు. అంటే ఏటి? తన సాపులో అమ్మే కత్తులు అంత దరిద్రంగానే ఉంటాయని ఆడికే తెలుసన్నమాట!"

జోగమ్మ ఆయన మాటలేవీ వినిపించుకోలేదు. కత్తి ఇంటికి వచ్చిందన్నదొక్కటే ఆమెకు కావలసింది. కొంగు బిగించి, పీట వేసి, మంచం కింద నుంచి గోనెసంచి ఇవతలికి లాగింది.

"ఆగు చెల్లెమ్మా" అన్నాడు దావీదు అడ్డం వచ్చి. "అది మనది కాదు. మనం కొనలేదు. అన్యాయంగా నా చేతికొచ్చిన సొత్తు. దాంతో ఒక్క కాయ కొట్టినా నాకు నిద్ర పట్టదు."

"అయితే దానికెంతో ఇచ్చేసి రండి అన్నయ్యా."

"ట్రయలు కాని టూలుకి డబ్బులిచ్చీసేదా? టూల్‌రూమ్ సరిత్రలో నేదు" అన్నాడు తవిటయ్య.

"ఇక్కడే ట్రయలు సూడండయితే! కాయలున్నాయి, కత్తుంది!"

"తిరిగిచ్చీసే సరుకు మీద గీత పడకూడదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

జోగమ్మ పీట మీద కూలబడింది. "ఒకాయనకి రూలు. ఒకాయనకి దేవుడు. నాకేటుంది? మామిడికాయలున్నాయి. అయ్యి పండిపోతన్నాయి!" అంది.

అప్పుడే ఫోను మోగింది. సత్యవాణి. ఆమె భర్త కిరణ్‌కుమార్‌తో పనిచేసేవాళ్ళెవరో, మీ మామగారు రెండు రోజులుగా గోల్‌బజార్లో కూర్చుని ఏ కత్తి గట్టిగా తెగుతుందని దారినపోయేవాళ్ళనల్లా అడుగుతున్నాడని చెప్పారట.

"నాన్నా, కత్తెందుకు నాన్నా నీకు?"

తవిటయ్య అసలే చిరాకులో ఉన్నాడు. "ఎందుకేటి? మీ అత్త నలుగురిలో అన్న మాట నాను మర్సిపోనాననుకున్నావేటి? సంవత్సరం ఓపిక పట్టినాను. కత్తి కాయం అవ్వనీ. ఈపాలి మీ అత్తకి తెలస్తాది మనమేటో!" అని ఫోను పెట్టేశాడు. ఆయన ఉద్దేశం జాడీ గురించి. కానీ ఆ మాటల్లో జాడీ ఎక్కడా లేదు. అటువైపు ఫోను స్పీకర్లో ఉంది, పక్కనే మీనాకుమారి ఉంది.

దావీదు పట్టుదల వల్ల ఇద్దరూ ఆ మధ్యాహ్నమే కత్తి తిరిగివ్వడానికి బయల్దేరారు. తువ్వాల్లో చుట్టమని తవిటయ్య అంటే దావీదు ఒప్పుకోలేదు. దాచి తీసుకెళ్తే దొంగతనంలా ఉంటుందట. అందుకని ఎర్రటి ఎండలో, ఆటోలో నుంచి గోల్‌బజార్ మొగలో దిగి, ఒక చేత్తో చెక్కకు బిగించిన పెద్ద కత్తి, రెండో చేత్తో కత్తెర అందరికీ కనబడేలా పట్టుకుని ఆ పెద్దమనిషి ముందు నడిచాడు. గొడుగు పట్టుకుని తవిటయ్య వెనక నడిచాడు. జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఎండకు కాబోలనుకున్నారు వీళ్ళు.

మైతీ బాబు వాళ్ళను దూరం నుంచే చూశాడు. నిన్నటి ఆఫీసరూ, పొద్దుటి ఫిర్యాదుదారుడూ కలిసి వస్తున్నారు. సాక్ష్యం చేతిలోనే ఉంది. సోమవారం పొద్దున్నుంచి ఆయనకు ఒక్క బేరం లేదు. ఇక దుకాణమే ఉండదనుకున్నాడు. లోపలికి పోయి గభాలున షట్టరు దించేశాడు.

"సూసినావా! మనల్ని సూసి సాపు మూసీసినాడు! ఇదేనేటి మర్యాద?" అని తవిటయ్య షట్టరు మీద గొడుగుతో బాదాడు. "మైతీ బాబూ! తలుపు తియ్యి! నీ కత్తి నీకిచ్చీడానికొచ్చినాం!"

లోపలి నుంచి ఏడుపు గొంతు వినిపించింది. "వద్దు సార్! పొరపాటైపోయింది సార్! అన్నీ మార్చి ఇచ్చేస్తాను సార్!"

ఒక మనిషి కత్తి పట్టుకుని నిలబడితే, ఇంకో మనిషి షట్టరు బాదుతుంటే, లోపల మూడోవాడు ఏడుస్తుంటే బజార్లో జనం చేరడానికి ఎంతసేపు? అటుగా పోతున్న కానిస్టేబుల్ గుంపును తోసుకుని వచ్చాడు. ఏం జరుగుతోందని అడిగాడు. ఈ కత్తి ఊరికే వచ్చింది, తిరిగి ఇచ్చేయడానికి వచ్చాం అన్నాడు దావీదు హిందీలో. ఊరికే వచ్చిన వస్తువు తిరిగి ఇవ్వడానికి షట్టరు బాదేవాణ్ణి కానిస్టేబుల్ తన సర్వీసులో చూడలేదు. ముందు కత్తి కింద పెట్టమన్నాడు.

కత్తి కింద పెట్టేలోపే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి సత్యవాణి, వెనకాలే మీనాకుమారి దిగారు. సత్యవాణి తల్లికి ఫోను చేస్తే, "ఇద్దరూ కత్తట్టుకుని గోల్‌బజార్ ఎలిపోనారు" అని విసుగ్గా చెప్పి జోగమ్మ పెట్టేసిందట. మీనాకుమారి భయపడి ఇంట్లో కూర్చునే రకం కాదు. మాట పడ్డచోటే మాట తీర్చుకునే రకం. గుంపును చీల్చుకుని తిన్నగా తవిటయ్య ముందుకొచ్చి చేతులు జోడించింది.

"అన్నయ్యగారూ! ఆవకాయ బాగుంది! కిందటేడు ఆవకాయ సాలా బాగుంది! బూజేటి, మా ఇంటి సెమ్మకి పట్టింది గానీ, మీ తప్పేటీ నేదు. ఈ ఏడు రెండు జాడీలు పంపండి. మొత్తం నానే తింతాను. నలుగురి ముందూ అన్నాను కాబట్టి నలుగురి ముందే సెప్తన్నాను. ఆ కత్తి మాత్తరం కింద పెట్టీమనండి!"

"సెల్లెమ్మా, ఈ కత్తి మామిడికాయలకి కదా!" అన్నాడు తవిటయ్య.

సత్యవాణి ఊపిరి పీల్చుకుంది. మీనాకుమారి చేతులు దించేసింది. కానిస్టేబుల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. షట్టరు జానెడు పైకి లేచింది.

"మామిడికాయలకా?" అంది లోపలి నుంచి మైతీ గొంతు. "మీరు ఆఫీసర్ కాదా?"

"ఆపీసరేటి? నాను టూల్‌రూమ్ తవిటయ్యని. కత్తి కొనుక్కుందారని నీ సాపుని తనికీ సేస్తన్నాను."

షట్టరు ధడాలున పైదాకా లేచింది. మైతీ బాబు బయటికొచ్చాడు. రెండు రోజుల భయం ఆయన ముఖంలో ఒక్క క్షణంలో కోపంగా మారిపోయింది. కత్తి, కత్తెర దావీదు చేతుల్లోంచి లాక్కున్నాడు.

"నా సందేశ్ తిన్నారు! నా ఫ్యాను గాలి పీల్చారు! మీకు కత్తి అమ్మను. ఎంత ఇచ్చినా అమ్మను. పొండి!"

ఆ మాటతో తవిటయ్య ముఖం వెలిగిపోయింది. రెండు రోజులుగా ఆయన వెతుకుతున్నది ఇదే. "పాసు!" అన్నాడు గట్టిగా. "సూసినావా దావీదూ, సరుకు మీద నమ్మకం ఉన్నోడే కొనడానికొచ్చినోణ్ణి గెంటీగలడు. మంచి సాపు. ఆ కత్తి కట్టీ మైతీ బాబూ."

"నా షాపు పాసైతే సరిపోతుందా? మీరు పాస్ కావద్దా?" అన్నాడు మైతీ. గుంపు వైపు తిరిగాడు. "ఈ దాదా మీలో ఎవరికైనా తెలుసా? ఇంతకుముందు ఎక్కడెక్కడ కొన్నాడు? తిరిగి తెచ్చాడా? గొడవ పెట్టాడా?"

బట్టల దుకాణం ఆయన ముందుకొచ్చాడు. ఈయన బనీను మూడుసార్లు మార్చుకుని, చివరికి మొదటి బనీనే తీసుకెళ్ళాడన్నాడు. గొడుగుల ఆయన, నీళ్ళు కారతాయేమోనని ఈయన కొనకముందే గొడుగును కుళాయి కింద పెట్టి చూశాడన్నాడు. గాజుల దుకాణం ఆవిడ, ఇంటావిడకని గాజులు కొంటూ గట్టివో కావో చూడ్డానికి రెండు పగలగొట్టాడంది. టీ కొట్టువాడికి అందరికంటే ఎక్కువ కోపం ఉంది. రెండు రోజులు నా బెంచీ మీద కూర్చుని ఒక్కటంటే ఒక్క టీ కొనలేదు, తాగిందల్లా మైతీ బాబు పంపిందే అన్నాడు. ఒక్కొక్కరూ చెబుతుంటే తవిటయ్య గొడుగు తెరిచి దాని నీడలోకి ఒదిగిపోయాడు. తన గురించి ఊరు ఇంత క్షుణ్ణంగా తనిఖీ చేసి పెట్టుకుందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. నిజంగా సిగ్గేసింది.

"ఫెయిల్" అన్నాడు మైతీ బాబు.

ఇంతలో ఇంకో ఆటో వచ్చింది. జోగమ్మ దిగి, వెనక సీటులోంచి గోనెసంచి కిందికి లాగింది. కత్తి ఇంటికి వచ్చేలా లేదని ఆమె కాయల్నే కత్తి దగ్గరికి తెచ్చింది. గుంపును గానీ, కానిస్టేబుల్‌ను గానీ, వియ్యపురాలిని గానీ చూడలేదు. సంచి ఈడ్చుకుంటూ తిన్నగా మైతీ ముందుకు వెళ్ళింది.

"బాబూ, కత్తి నాకమ్ము. ఈయనకి కాదు, నాకు."

మైతీ ఆమె కళ్ళలోకి చూశాడు. "దీదీ, మీరు ఈయనకు ఏమవుతారు?"

"పెళ్ళాన్ని."

"ఈయన మీద మీకేమైనా ఫిర్యాదులు ఉన్నాయా?"

"సాలా ఉన్నాయి. కాయలు కొట్టినాక తీరుబడిగా సెప్తాను."

మైతీ బాబు రెండో ప్రశ్న వేయలేదు. కత్తిని ఆమె చేతికిచ్చి, డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. ఆ రోజుకు బౌనీ అయింది. ఇక ట్రయల్‌కు అభ్యంతరం లేదని, సంచిలోంచి కాయ తీసి తనే చెక్క మీద పెట్టి పిడి నొక్కాడు. టెంక టప్పున తెగింది. రెండు చెక్కలూ గీసినంత తిన్నగా విడిపోయాయి. నలగలేదు, చితకలేదు. తవిటయ్య "ఆహా" అన్నాడు.

కానీ ఎవరూ కత్తిని చూడటం లేదు. అందరి కళ్ళూ కాయ లోపలే ఉన్నాయి. అది పసుపురంగులో ఉంది. జోగమ్మ ఇంకోటి కొట్టింది. అదీ పసుపే. సంచిలో ఎక్కడ చెయ్యి పెట్టినా దోరకాయలే. ఆమె ఆ ముక్కలు చేత్తో పట్టుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంవత్సరం పంతం రెండు రోజుల తనిఖీలో మగ్గిపోయింది.

మీనాకుమారి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. భయం పోయాక ఆమెకు సాటి ఆడమనిషి బాధ అర్థమైంది.

"దోరగున్నాయి వదినగారూ. బెల్లం ఆవకాయకి ఇవే కదా కావాల? మా అమ్మ టెక్కలిలో ఇలాటివాటితోటే పెట్టీది. నాకది పేణం" అంది.

జోగమ్మ తలెత్తింది. తనొచ్చిన ఆటోని ఇంకా పంపెయ్యలేదు కాబట్టి ఆ ఆటోవాడి చేతే బెల్లం తెప్పించింది. మైతీ దుకాణం మెట్ల మీదే పీట వేసుకుని, వియ్యపురాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాయలన్నీ కొట్టారు. సత్యవాణి జీడి తీసి పొర తుడిచింది. దావీదు కత్తికి డబ్బు ముట్టినందుకు స్తోత్రం చెప్పుకుని గోనెసంచి పట్టుకున్నాడు. కానిస్టేబుల్ ఉప్పు అడిగి తెచ్చుకుని, సాక్ష్యం సగం తినేశాక డ్యూటీ గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది మలంచాకు రెండు జాడీల బెల్లం ఆవకాయ వెళ్ళింది. శ్రావణమాసం రాకముందే మీనాకుమారి ఫోను చేసింది. జాడీలు రెండూ ఖాళీ అట, ఇంకోటి ఉంటే పంపమని అడిగింది. జోగమ్మ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని, స్పీకరు పెట్టి పక్కింటి దావీదుకు కూడా వినిపించింది.

"ఇంకో మాట వదినగారూ. అలాటి కత్తే నాకూ ఒకటి కావాల. అన్నయ్యగారికి సెప్తారేటి?" అంది మీనాకుమారి.

తవిటయ్య ఆ మాట విని అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. "తొందర పడొద్దని సెప్పు. అప్పుడు బాగుందని ఇప్పుడూ బాగుంటాదని ఏటి నమ్మకం? రెండ్రోజులు ఎల్లి కూకుని సూసొస్తాను."

జోగమ్మ తలుపుకు బయటి నుంచి గొళ్ళెం పెట్టి, తనే గోల్‌బజార్ వెళ్ళి కత్తి కొనుక్కొచ్చింది.